తిథి లేని పేరు

“చచ్చిపోయిన మనిషికి తిథి లేకపోవడం ఏమిటండీ పంతులుగారూ?”

హిమజ అడిగింది రెండోసారి. అత్తిలిలో తన ఇంటి వసారాలో చాప మీద కూర్చుని, మార్కండేయశర్మగారు ఎర్ర అట్ట పుస్తకాన్ని మూడోసారి తిరగేస్తున్నారు. అది ఆయన తండ్రిగారి చేతిరాత. తాడేపల్లిగూడెం చింతలూరి వారింట్లో పోయిన ప్రతి మనిషి పేరూ, మాసం, పక్షం, తిథి అందులో ఉన్నాయి. అది చూసుకునే ఆయన ఏటా ముందుగా ఫోన్ చేసి, ఫలానా రోజు మీ నాన్నగారి తద్దినం, ఫలానా రోజు మీ నాయనమ్మగారిది అని గుర్తుచేస్తారు.

“ఇదిగో మీ తాతగారు. శేషగిరిరావు, పుష్య బహుళ నవమి. కొడుకులు లేరు కాబట్టి తమ్ముడు భాస్కరరావుగారే పెడుతున్నారు. మీ అమ్మమ్మ దుర్గాదేవిగారిది మాత్రం లేదమ్మా.”

“మీ నాన్నగారు రాయడం మర్చిపోయారేమో.”

శర్మగారికి చురుక్కుమంది. “మా నాన్నగారా? పురిట్లో పోయిన ఆడకూతుళ్లని కూడా వదలని మనిషి. చూడు, పేరు రాసుకున్నారు. పక్కన ఖాళీ. అంటే ఆయన అడిగారు, వాళ్లు చెప్పలేదు.”

“శవం దొరకలేదటండీ. కొల్లేట్లో పడవ మునిగిపోయిందట.”

“దొరక్కపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తారు. తిథి తెలియకపోతే అమావాస్యకి పెట్టుకోమంటారు. అన్నిటికీ దారి ఉందమ్మా. అసలు పెట్టకుండా ఊరుకోవడానికే దారి లేదు.”

“మొగుడితో కలిపే ఆడవాళ్లకీ పెట్టేస్తారని మా అమ్మకి చెప్పారు.”

“ఎవరు?”

“భాస్కరం తాతయ్య.”

శర్మగారు పుస్తకం మూసేశారు. “ఆయనకి తెలియక అని ఉండరులే,” అన్నారు గొంతు తగ్గించి.

హిమజ ఏలూరులో ఒక బీమా కంపెనీలో క్లెయిములు దర్యాప్తు చేస్తుంది. పన్నెండేళ్ల ఉద్యోగంలో బతికుండి చచ్చిపోయిన వాళ్లని పదిహేడు మందిని పట్టుకుంది. కాగితం ఎక్కడ ఖాళీగా ఉంటే అబద్ధం అక్కడ ఉంటుందని ఆమెకి తెలుసు. కానీ ఇది ఆఫీసు ఫైలు కాదు. సొంత అమ్మమ్మ.

కార్తీకమాసంలో ఈ ఆదివారం చింతలూరి వారి ఆత్మీయ కలయిక. ఊరి బయట కొబ్బరితోటలో వనసమారాధన, మూడొందల మందికి భోజనాలు, స్టేజీ వెనక పాతిక అడుగుల ఫ్లెక్సీ మీద వంశవృక్షం. ఇంటి పెద్ద భాస్కరరావు ఆ చెట్టు తయారుచేసే పని హిమజకి అప్పజెప్పాడు. “దొంగ చావులు పట్టుకునే దానివి, మనవాళ్ల పుట్టిన తేదీలు పట్టుకోలేవా?” అని నవ్వాడు కూడా. ఇచ్చిన జాబితాలో దుర్గాదేవి పేరు పక్కన 1965 అని మాత్రం రాసి, తిథి గడి దగ్గర “అది వదిలెయ్” అన్నాడు.

ఆయన వదిలెయ్యమనకపోతే హిమజ అత్తిలి వచ్చేదే కాదు.

కారు స్టార్ట్ చేసి కూడా కదల్లేదు హిమజ. అన్నగారి తద్దినం అరవై ఏళ్లలో ఒక్కసారి తప్పించలేదు భాస్కరరావు. కాకి ముద్ద ముట్టేదాకా మంచినీళ్లు తాగడు. అంత నిష్ఠగల మనిషి వదినకి ఒక్క పిండం పెట్టలేదు. ఎందుకు?

ఒక్కటే కారణం. లోకానికంతటికీ అబద్ధం చెప్పగలిగాడు గానీ, పంతులుకి చెప్పలేకపోయాడు. బతికున్న మనిషికి పిండం పెట్టడానికి భయపడ్డాడు.

అది కేవలం అనుమానం. దాన్ని ఆయన నోటితోనే చెప్పించాలి.

* * *

ఉల్లిపాయల మార్కెట్ వెనక మూడంతస్తుల మేడ. హాల్లో నేల మీద ఫ్లెక్సీ నమూనా పరిచి, పడక్కుర్చీలో కూర్చుని తప్పులు చూస్తున్నాడు భాస్కరరావు. డెబ్భై తొమ్మిదేళ్లు. నుదుట ఎర్రటి బొట్టు, చేతిలో గ్లాసుతో కాఫీ.

“రావమ్మా సీఐడీ. గళ్లన్నీ నింపేశావా?”

“ఒక్కటి మిగిలింది తాతయ్యా. అమ్మమ్మ తిథి.”

“వదిలెయ్యమన్నాను కదా.”

“చెట్టులో ఆ ఒక్క గడే బోసిగా ఉంది. చూసినవాళ్లు అడుగుతారు. పెద్దింట్లమ్మ తీర్థానికి వెళ్తూ మునిగిపోయిందన్నారు కదా, ఫాల్గుణం అని రాసెయ్యనా?”

“రాయకు.”

“పోనీ చైత్రం?”

“రాయకన్నానా! గుర్తులేని దాన్ని ఎలా రాస్తావు?”

“అదీ నిజమే,” అంది హిమజ, మెత్తగా. “అందుకే ఇప్పుడే అత్తిలి వెళ్లొచ్చాను. తిథి తెలియకపోతే అమావాస్యకి పెట్టుకోవచ్చన్నారు శర్మగారు. అరవై ఏళ్లుగా ఆవిడ ఆకలితో తిరుగుతోందంటే ఎవరికి మంచిది చెప్పండి? వచ్చే అమావాస్యకి అమ్మ చేత పెట్టించేస్తాను. సామాన్ల చీటీ కూడా రాయించాను.”

“వద్దు!”

గ్లాసు చేతిలోంచి జారింది. కాఫీ ఫ్లెక్సీ మీద పారి, చెట్టు మొదట్లో మడుగు కట్టింది.

“వద్దు, వద్దు. మహాపాపం. ఇల్లు గుల్లయిపోతుంది. బతి...”

ఆగిపోయాడు. హిమజ ఆ మాట పూర్తిచెయ్యలేదు. ఎదుటివాడు నోరు జారినప్పుడు మనం నోరు మూసుకోవాలన్నది ఆమె ఉద్యోగంలో మొదటి పాఠం. భాస్కరరావు కాఫీ మడుగు వైపే చూస్తున్నాడు.

“అన్నయ్య పోయిన ఏడాదికి,” అన్నాడు చివరికి, “ఆవిడకి చదువు చెప్పడానికి వచ్చే దైవసహాయం మాస్టరుతో పెళ్లి చేసుకుంటానంది. మా అమ్మ ఒకటే మాట అంది. పిల్లని ఇక్కడ వదిలేసి పో, ఈ ఇంటికి నువ్వు చచ్చినట్టే అని. మునిగిపోయిందని మేమే ఊళ్లో చెప్పాం.”

“మీరు అడ్డుపడలేదా?”

“నాకప్పుడు పంతొమ్మిదేళ్లమ్మా.”

“ఇప్పుడు డెబ్భై తొమ్మిది. మధ్యలో అరవై ఏళ్లున్నాయి కదా తాతయ్యా.”

ఆయన వంగి గ్లాసు తీసి పక్కన పెట్టాడు.

“ఎక్కడుంది?”

“ఏడేళ్ల కిందట ఏలూరులో కంటి ఆసుపత్రిలో చూశాను. కొడుకు చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. ఏలీయా అని పిలిచింది వాణ్ణి. నర్సు చీటీ చదివింది, చినగట్టులంక అని. నేను స్తంభం వెనక్కి తప్పుకున్నాను.”

“ఆ తరవాత?”

“పోయిందని కబురైతే రాలేదు.”

“వస్తే?”

“వస్తే శాస్త్రోక్తంగా పెట్టేవాణ్ణి,” అన్నాడు భాస్కరరావు, ఆ మాటలో తప్పేమిటో తెలియనట్టు.

హిమజ లేచింది. ఇంకో నిమిషం కూర్చుంటే ఏం చేస్తుందో ఆమెకే తెలియదు.

* * *

హిమజ తల్లి శ్యామలాదేవి వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. అరవై మూడేళ్ల మనిషి, గట్టిగా మాట్లాడి ఎరగదు. ఆమెకి మూడేళ్లప్పుడు తల్లి పోయింది. పోయిందన్నారు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఆమెకి ఒకటే బిరుదు: తల్లిని మింగిన పిల్ల. ఎవరింట్లో పెళ్లయినా పసుపు దంచే రోజున ఆమెని రోకలి ముట్టుకోనివ్వలేదు. బొమ్మల పెళ్లిలో కూడా తోటి పిల్లలు ఆమెని దూరంగా కూర్చోబెట్టారు. తల్లిని నీళ్లు తీసుకుపోయాయని నమ్మి, గోదావరి పుష్కరాలకి కూడా ఆమె రేవులో దిగకుండా చెంబుతోనే స్నానం చేసింది.

హిమజ చెప్పడం ముగించేసరికి చేతిలో చిక్కుడుకాయ రెండుగా విరిగింది.

“బతికుందా?”

“ఏడేళ్ల కిందట ఉందమ్మా. ఇప్పుడు ఎనభై రెండేళ్లుంటాయి. ఉందో లేదో తెలీదు.”

శ్యామలాదేవి స్టవ్ కట్టేసింది. లోపలికి వెళ్లి చీర మార్చుకుని వచ్చింది. ఏడుస్తుందని ఎదురుచూసిన హిమజ ఆ మొహం చూసి వెనక్కి తగ్గింది.

“ఏమిటమ్మా?”

“రోకలి,” అంది శ్యామలాదేవి. “నీ పెళ్లికి పసుపు దంచినప్పుడు కూడా నన్ను దూరంగా నిలబడమన్నారు. నా కూతురి పెళ్లికి. నేను నిలబడ్డాను. పద, కారు తియ్యి.”

ఏలూరు దాటేదాకా ఫోన్ పదకొండుసార్లు మోగింది. అన్నిసార్లూ భాస్కరరావే. ఏలూరు దాటాక పన్నెండోసారి మోగితే శ్యామలాదేవి తీసింది.

“అమ్మలూ, నా మాట విను,” అన్నాడాయన. “అక్కడికి వెళ్లకు. నీ మంచికే చెప్తున్నాను. ఆదివారం నాడు మూడొందల మంది వస్తున్నారు. మన పరువు...”

“బాబాయ్,” అంది శ్యామలాదేవి, “ఆవిడ ఈ ఏడేళ్లలో పోయుంటే మాత్రం నేను మీకు చేసేది శాస్త్రంలో లేదు.”

ఫోన్ పెట్టేసింది. హిమజ స్టీరింగ్ గట్టిగా పట్టుకుంది. తల్లి నోట ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు.

తుపాను వానలకి పొంగిన కొల్లేరు ఇంకా తియ్యలేదు. గట్టు మీద రోడ్డు ఒకచోట మునిగి ఉంది. అవతల కనిపించే ఇళ్లే చినగట్టులంక. మధ్యలో పావుమైలు నీళ్లు, గుర్రపుడెక్క, దూరంగా చేపల చెరువుల గట్లు, వాటి మీద కొంగలు. గెడ వేసే మనిషి పడవ ఒడ్డుకి తోశాడు.

“ఎక్కండమ్మా. మొల లోతే, భయం లేదు.”

శ్యామలాదేవి నీళ్ల వైపు చూసింది. ఒడ్డునే ఆగిపోయింది. హిమజ చెయ్యి అందించబోయింది.

“వద్దు,” అంది ఆమె. “ఈ నీళ్లు మా అమ్మనేం చెయ్యలేదు. అరవై ఏళ్లూ వాళ్లని వదిలేసి వీటిని తిట్టుకున్నాను.”

ఎక్కి, పడవ మధ్యలో నిటారుగా కూర్చుంది.

* * *

ఏలీయా మాస్టారి ఇల్లు అడగ్గానే చూపించారు. తండ్రిలాగే ఆయనా బడిపంతులు. యాభై ఏడేళ్లు, తెల్లటి మీసం. వాకిట్లో ఆయన భార్య రాజకుమారి ఎండుచేపలు తిరగేస్తోంది. ఏలీయా వచ్చిన పని విని, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“తప్పండీ. అలాంటి మాటలు ఆడకండి.”

“ఏవండీ, ఒక్కసారి ఆవిణ్ణి చూడనివ్వండి,” అంది హిమజ.

“మా చేపల చెరువులో వాటా ఉందంటూ ఆరు నెలలకి ఒకళ్లు వస్తారండీ. మొన్నొకాయన మా నాన్నకి పెద్దకొడుకునన్నాడు. ఇప్పుడు మా అమ్మకి కూతురా? ఉండేది. చిన్నప్పుడే చనిపోయింది. వెళ్లిపోండి, మర్యాదగా చెబుతున్నాను.”

“చనిపోయిందా?” అంది శ్యామలాదేవి. “ఎవరు చెప్పారు?”

లోపలినుంచి కర్ర చప్పుడు. పల్చటి తెల్లచీర కట్టుకున్న ముసలావిడ గోడ పట్టుకుని వచ్చింది. కళ్లకి మందపాటి అద్దాలు. వాటి వెనక చూపు సరిగ్గా నిలవడం లేదు.

దుర్గాదేవి బతికే ఉంది.

“ఎవర్రా ఏలీయా, నా పిల్ల పేరు ఎత్తుతున్నది?”

“ఎవరో పొరుగూరి వాళ్లమ్మా. నువ్వు లోపలికి పద.”

“నేను శ్యామలని,” అంది శ్యామలాదేవి.

కర్ర గాల్లోకి లేచింది. “నా గడపలో నిలబడి ఆ పేరు పెట్టుకుంటావా? నా పిల్ల పోయింది! ఇంకొక్క మాట అన్నావంటే చంపేస్తాను, ఎవతివో గాని!”

“కొట్టండి!” శ్యామలాదేవి గొంతు వీధి చివరికి వినిపించింది. “అరవై ఏళ్లనుంచి మిమ్మల్ని మింగేశానని నన్ను కొడుతూనే ఉన్నారు. మీరూ కొట్టండి. కొట్టి, నేను చచ్చిపోయానని మీకెవరు చెప్పారో అది చెప్పండి!”

ముసలావిడ చెయ్యి అలాగే ఆగింది.

ఏలీయా అటూ ఇటూ చూసి, లోపలికి వెళ్లి బైబిల్ తెచ్చాడు. దాని మధ్యలోంచి మాసిపోయిన పోస్టుకార్డు తీసి హిమజ చేతికిచ్చాడు. చావు కబురు కార్డు ఇంట్లో ఉంచుకోకూడదంటారు. చదివి అక్కడే చింపేస్తారు. ఆవిడ చింపలేదు.

మొదట శ్రీరామ కూడా లేని ఆ కార్డులో నాలుగే వాక్యాలున్నాయి. *చి. శ్యామల విషజ్వరంతో ఆగస్టు 12న కాలం చేసినది. ఇక తమకు ఈ ఊరిలో ఎవరును లేరు. రావలసిన పని లేదు. ఉత్తరములు రాయవద్దు.* కింద సంతకం. చింతలూరి భాస్కరరావు. 1966.

హిమజకి ఆ చేతిరాత తెలుసు. వారం కిందట ఆ రాతతోనే ఆమెకి వంశవృక్షం జాబితా అందింది.

“ప్రతి ఆగస్టు పన్నెండునా మా ఇంట్లో పొయ్యి వెలగదండి,” అన్నాడు ఏలీయా. “అమ్మ మంచినీళ్లు కూడా ముట్టుకోదు. చిన్నప్పుడు ఆకలేసి నేను ఏడ్చేవాణ్ణి. అక్కకోసంరా అనేది.”

హిమజకి అప్పుడు పూర్తిగా అర్థమైంది. చిన్నపిల్లలకి తద్దినాలుండవు. పంతులూ అడగడు, పిండమూ పెట్టక్కర్లేదు. అందుకే ఈ అబద్ధానికి భాస్కరరావు భయపడలేదు. వదినకి పిండం పెట్టడానికి చెయ్యాడలేదు గానీ, నాలుగేళ్ల పిల్లని చంపడానికి ఒక కార్డు ముక్క సరిపోయింది. అప్పుడు ఆయనకి ఇరవై ఏళ్లు. తల్లి చెప్పిందని అనుకోవడానికి కూడా లేదు, సంతకం ఆయనదే.

“దగ్గరికి రా,” అంది దుర్గాదేవి.

శ్యామలాదేవి మెట్టెక్కింది. ముసలి వేళ్లు ఆమె మొహాన్ని వదిలేసి నేరుగా కుడిచెవి దగ్గరికి వెళ్లాయి. దుద్దు పక్కన, కాస్త పైగా, మూసుకుపోయిన ఇంకో కుట్టు. ఆ రెండో మచ్చ ఎలా వచ్చిందని శ్యామలాదేవి చిన్నప్పుడు అందరినీ అడిగింది. ఎవరికీ తెలియదన్నారు.

వేళ్లు ఆ మచ్చ మీద ఆగాయి.

“కంసాలి వంకరగా కుట్టాడు,” అంది దుర్గాదేవి. “మీ నాన్న వాడితో పోట్లాడి మళ్లీ కుట్టించారు. నేను వద్దంటూనే ఉన్నాను. ఒకటే ఏడుపు నువ్వు.”

కర్ర కింద పడింది. ఎవరూ తియ్యలేదు. రాజకుమారి చేపలు వదిలేసి వచ్చి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ అలా నిలబడిపోయింది.

కూతురి చెవి వదలకుండానే దుర్గాదేవి అడిగింది. “వాడు ఉన్నాడా ఇంకా?”

“ఎవరమ్మా?” అన్నాడు ఏలీయా.

“కార్డు రాసినవాడు.”

“ఉన్నాడు,” అంది శ్యామలాదేవి. “ఆదివారం నాడు స్టేజీ మీద సన్మానం.”

“ఏలీయా, ఆదివారం బండి మాట్లాడు.”

“అమ్మా, ఆదివారం చర్చి...”

“దేవుడు అరవై ఏళ్లు ఆగాడు. ఇంకో వారం ఆగుతాడు.”

* * *

కొబ్బరితోటలో ఉసిరికొమ్మ కింద పూజ అయింది. స్టేజీ వెనక కొత్తగా వేయించిన ఫ్లెక్సీ. భాస్కరరావు జరీ కండువాతో మధ్య కుర్చీలో కూర్చున్నాడు. ఆ నాలుగు రోజుల్లో ఆయన సగానికి సగం చిక్కిపోయాడు. వాళ్లు రారనే ఆశ మాత్రం పోలేదు. చెట్టు మీద దుర్గాదేవి పేరున్న చోట కొబ్బరాకుల తోరణం ఒకటి వేలాడదీయించాడు.

మార్కండేయశర్మగారు మైకు ముందు ఎర్ర అట్ట పుస్తకం తెరిచి, దివంగతులైన పెద్దల పేర్లూ తిథులూ ఒక్కొక్కటే చదువుతున్నారు. ప్రతి పేరుకీ ఆ కుటుంబం వాళ్లు లేచి నమస్కారం పెడుతున్నారు.

“చింతలూరి శేషగిరిరావుగారు, పుష్య బహుళ నవమి.”

శ్యామలాదేవి లేచి నిలబడింది. శర్మగారు పేజీ తిప్పబోయారు.

“ఆగండి పంతులుగారూ. కింద ఇంకో పేరుంది.”

శర్మగారు స్టేజీ మీదికి చూశారు. భాస్కరరావు తల అడ్డంగా ఊపాడు. శర్మగారు కళ్లజోడు సర్దుకుని, గొంతు పెంచి చదివారు. “దుర్గాదేవిగారు. తిథి...”

“తిథి ఇంకా రాలేదు,” అంది దుర్గాదేవి.

ఏలీయా చెయ్యి పట్టుకుని కుర్చీల మధ్యనుంచి నడుస్తోంది ఆవిడ. చాలామందికి ఆవిడ ఎవరో తెలియదు. తెలిసిన నలుగురైదుగురు ముసలివాళ్లు మాత్రం కుర్చీల్లోనే వెనక్కి జరిగారు. ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

భాస్కరరావు లేచి, తడబడుతూ మెట్లు దిగి వచ్చాడు. రెండు చేతులూ జోడించాడు. “వదినా! తప్పయిపోయింది. కాళ్లు పట్టుకుంటాను. ఇవాళో రేపో పోయేవాణ్ణి. మనసులో పెట్టుకోకు.”

వంగబోయాడు. ఆవిడ కర్రని ఆయన చేతులకీ తన కాళ్లకీ మధ్య ఆనించింది.

“నన్ను చంపావు, పోనీ. మీ అమ్మ చెప్పింది. నా పిల్లని ఎందుకు చంపావు భాస్కరం?”

“నువ్వు తిరిగొస్తావని... పిల్లకోసం వస్తావని...”

“వచ్చేదాన్నే.”

హిమజ స్టేజీ ఎక్కి పోస్టుకార్డులోని నాలుగు వాక్యాలూ చదివింది, తేదీతో, సంతకంతో సహా. తరవాత తోరణం లాగి పారేసింది. భాస్కరరావు అక్కడే గడ్డిలో కూలబడ్డాడు. ఆయన మనవడు జయంత్ వచ్చి లేపబోతే, “వద్దు, ఉండనీ” అన్నాడు.

“అయిపోయింది కదమ్మా,” అంటూ ఎవరో పెద్దాయన సర్దిచెప్పబోయాడు. “పాత సంగతులు. మన ఇంట్లో మనం... భోజనాలకి లేవండి అందరూ.”

కుర్చీలు కదిలాయి.

“కూర్చోండి,” అంది శ్యామలాదేవి.

శర్మగారి ముందున్న మైకు ఆమె చేతిలో ఉంది. గొంతు పెద్దగా లేదు. మైకుకి ఆ అవసరం లేదు.

“మా అమ్మని ముందు వరసలో కూర్చోబెట్టండి. తమ్ముడూ, నువ్వూ కూర్చో. రాజకుమారిని కూడా రమ్మను. ఆ తరవాత నేను ఒక్కటి అడుగుతాను, అది చెప్పి భోజనాలకి లేవండి.”

ముందు వరసలో ముగ్గురు లేచి కుర్చీలు ఖాళీ చేశారు.

“నన్ను తల్లిని మింగిన పిల్ల అన్నవాళ్లు చేతులెత్తండి.”

కొబ్బరాకులు కదులుతున్నాయి. ఒక్క చెయ్యి లేవలేదు.

“నాకు అందరూ గుర్తున్నారు. పేర్లు చదవమంటే చదువుతాను. మీరే ఎత్తితే బాగుంటుందని అడుగుతున్నాను.”

రెండో వరసలో, ఒకప్పుడు ఆమె చేతిలోంచి రోకలి లాక్కున్న పెద్దమ్మ, తల వంచుకుని చూపుడువేలు ఎత్తీ ఎత్తనట్టు ఎత్తింది.

“ఒకటి,” అంది శ్యామలాదేవి. “పైకి ఎత్తండి పెద్దమ్మా. మా అమ్మకి కళ్లు సరిగ్గా కనిపించవు.”

పందిరి అవతల వంటవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకుని, పులిహోర గుండిగల మీద మూతలు మళ్లీ పెట్టేశారు. శ్యామలాదేవి మైకు దించలేదు.